బొంత వెనక వైపు

బొంతలు కుట్టేవాళ్ళకి ఒక పాడలవాటు ఉంటుంది. ఎవరైనా బొంత పరిచి చూపిస్తే ముందు వైపు ఒక్క క్షణం చూసి, ఆహా అనేసి, వెంటనే అంచు పట్టుకుని వెనక్కి తిప్పేస్తారు. మర్యాద కాదని తెలుసు, అయినా తిప్పుతారు. ముందు వైపు రంగులు ఎవరైనా పేర్చగలరండీ, కుట్టిన మనిషి ఎలాంటిదో వెనక తెలుస్తుంది. ముడులు ఎక్కడ దాచింది, దారం అయిపోవస్తే ఓపిగ్గా ఇంకో పోగు ఎక్కించిందా, విసుక్కుని ఆ కాస్తతోనే లాక్కొచ్చిందా, అన్నీ అక్కడే ఉంటాయి.

ఆ రోజు బొంతల ప్రదర్శనలో అతుకులమ్మ చేసింది కూడా అదే. కాకపోతే అక్కడ బొంతల్ని ముట్టుకోనివ్వరు. చేతులకి తెల్ల తొడుగులు వేసుకున్న ఆడవాళ్ళు వరసకొకరు నిలబడి ఉంటారు, అడిగితే వాళ్ళే మూల ఎత్తి చూపిస్తారు. అతుకులమ్మ అడిగింది. తొడుగులావిడ, దబ్బనం అని అందరూ పిలిచే స్నేహితురాలి బొంత మూల ఎత్తింది. అది చూసి అతుకులమ్మ మొహం అప్పటికప్పుడు మాడిపోయింది.

"ఇంకాస్త ఎత్తండి," అంది అతుకులమ్మ. "ఇంకా ఎత్తండి. అంతా ఎత్తండి."

"మేడం, అంతా ఎత్తకూడదు."

"ఎత్తకూడదేంటి! నేను చూడాలి." ఆ గొంతుకి బెదిరి తొడుగులావిడ అంతా ఎత్తేసింది.

పక్కనున్న కండక్టరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఏమైందే? అందరూ చూస్తున్నారు."

ఇక్కడ ఈ పేర్ల సంగతి చెప్పాలి. ఇవేవీ తల్లిదండ్రులు పెట్టినవి కావు, బొంతలు కుట్టేవాళ్ళంతా కలిసి రాసుకునే బ్లాగులో తగులుకున్నవి. కండక్టరమ్మ నిజంగానే ఈ ఊళ్ళో సిటీ బస్సులో కండక్టరు, బస్సు డిపోలో ఆగినప్పుడల్లా టిక్కెట్ల సంచిలోంచి సూదీ గుడ్డా తీసి కుట్టేస్తుంది. అతుకులమ్మది వేరే ఊరు, అక్కడ వాళ్ళ అన్నయ్య బట్టల కుట్టు దుకాణంలో పని చేస్తుంది. జిప్పులు మార్చడం, పొడవు తగ్గించడం, కర్టెన్లకి మడతలు పెట్టడం ఆమె పని. మిగిలిన ముక్కలతో బొంతలు కుట్టి, మధ్యాహ్నం అన్నం తినే వేళ ఫొటోలు తీసి బ్లాగులో పెట్టేది. మొట్టమొదట పెట్టిన బొంతకి వచ్చిన మొట్టమొదటి కామెంటు ఇది: "మూలలు కలవలేదు. విప్పి మళ్ళీ కుట్టు." రాసింది దబ్బనం.

అతుకులమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఎవరిదీ, ముక్కూ మొహం తెలియని మనిషి! నాలుగు మాటలతో కడిగేద్దామని మళ్ళీ బొంత తీసి చూసుకుంటే, మూలలు నిజంగానే కలవలేదు. విప్పింది, మళ్ళీ కుట్టింది, ఫొటో పెట్టింది. "ఇప్పుడు మనిషిలా ఉంది," అని జవాబొచ్చింది. అట్లా కలిశారు ఇద్దరూ. తర్వాత గుడ్డముక్కల పార్సిళ్ళు ఇటూ అటూ తిరిగాయి, వాటి వెంట ఇంటి సంగతులూ, ఒంటి సంగతులూ, మొగుళ్ళ సంగతులూ తిరిగాయి. అతుకులమ్మ మొగుణ్ణి ఎందుకు వదిలేసి వచ్చిందో అన్నావదినలకి కూడా పూర్తిగా తెలియదు, దబ్బనానికి తెలుసు.

ఫోన్లో మాత్రం మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఫోను పట్టుకుంటే కుట్టడానికి చెయ్యి ఖాళీ ఉండదని దబ్బనం తిట్టేది. ఎదురెదురుగా కలిసింది ఒక్కసారే. ఒక రైలుకీ ఇంకో రైలుకీ మధ్య, స్టేషన్ బల్ల మీద. ఆ కాస్సేపూ దబ్బనం సూది ఆపలేదు, ఎడమ చేత్తో టకటకా కుట్టేస్తూనే అతుకులమ్మ తెచ్చిన బొంతలో వంకలన్నీ ఏకరువు పెట్టింది. రైలు కదిలేటప్పుడు మాత్రం కిటికీలోంచి అతుకులమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ప్లాట్‌ఫారం మీద పరిగెత్తాల్సి వచ్చింది, ఆ మనిషికి ఆ వయసులో.

ఎడమచెయ్యి. ఇప్పుడు అతుకులమ్మ మొహం మాడింది అందుకే. బొంత అంచుకి చుట్టూ పట్టీ వేసి, వెనక వైపు చేత్తో హెమ్మింగ్ చేస్తారు. కుడిచేతివాళ్ళు చేస్తే ఆ కుట్లు ఒక పక్కకి వాలతాయి, ఎడమచేతివాళ్ళు చేస్తే రెండో పక్కకి. కుట్టేవాళ్ళకి అది చేతిరాతంత స్పష్టం. దబ్బనం పేరు చీటీతో వేలాడుతున్న ఆ బొంత పట్టీ మొత్తం కుడిచేత్తో కుట్టినది. పట్టీ ఒక్కటేనా? బొంత లోపల సగం దాకా ఎడమచేతి పని, ముడి ఒక్కటి కనిపిస్తే ఒట్టు. రెండో సగం ఇంకెవరిదో. కుట్లు పొడుగూ పొట్టీ, ముడులన్నీ బయటే కూర్చుని ఉన్నాయి. పైగా అది వేలాడుతున్నది ఒంటిచేతి విభాగంలో. అంటే మొదటి ముక్క నుంచి చివరి కుట్టు దాకా ఒక్కరే చేసినవి మాత్రమే పెట్టాల్సిన చోటు.

"ఎవరిచేతనో కుట్టించి తన పేరు పెట్టుకుంది!" అంది అతుకులమ్మ, గొంతు తగ్గించకుండానే. "ఎవత్తో మిషన్ కుట్టు ఒకటి లోపల దాచిందని బ్లాగంతా రచ్చ చేసింది ఇదే కదా? నన్ను విప్పించి విప్పించి చంపింది ఇదే కదా? ఇప్పుడు తనే ఈ పని చేస్తుందా?"

"పోనీలేవే. ఒంట్లో బాగోలేదేమో, ఎవరినైనా సాయం అడిగిందేమో."

"అడిగితే అడిగానని రాయాలి. ఇద్దరి పేర్లూ రాయాలి. ఊళ్ళో ఉండను, చెల్లెలింటికి వెళ్తున్నా, ప్రదర్శనకి రాలేను అంది చూడు, ఇందుకన్నమాట. మొహం చెల్లక!"

"ఈ మధ్య మనిషి కూడా మారింది," అంది కండక్టరమ్మ ఆలోచిస్తూ. "మెత్తబడింది."

అది నిజం. ఏడాదిగా దబ్బనం ఎవరినీ పొడవడం లేదు. ఏ ఫొటో పెట్టినా "చాలా బాగుంది" అంటోంది. ఆరోగ్యం జాగ్రత్త, వేళకి తినండి అంటోంది. దబ్బనం మొన అరిగిందని బ్లాగులో అందరూ ఆటపట్టించారు, లోపల సంతోషించారు కూడా. ఒకసారైతే, ముడి బయటికి కనిపించకుండా లోపలికి ఎలా లాగాలి అని అతుకులమ్మనే అడిగింది. ముప్పై ఏళ్ళుగా కుట్టే మనిషి! వేళాకోళం ఆడుతోందనుకుని, "పోవే, నాకు పరీక్ష పెడుతున్నావా" అని నవ్వేసి ఊరుకుంది అతుకులమ్మ.

"నేను వాళ్ళింటికి వెళ్తున్నా," అంది.

"ఊళ్ళో లేనందిగా!"

"లేకపోతే తాళానికి నాలుగు తిట్లు తగిలించి వస్తా. పార్సిళ్ళు పంపీ పంపీ అడ్రసు నోటికొచ్చేసింది నాకు."

కండక్టరమ్మకి డ్యూటీ వేళయింది. చేసేదిలేక, ఆ దారిన పోయే బస్సు ఎక్కించి, డ్రైవరుకి ఎక్కడ దింపాలో చెప్పి, "చెయ్యి మాత్రం చేసుకోకే తల్లీ" అని బతిమాలి పంపింది.

బస్సులో కూర్చుని అతుకులమ్మ మాటలు కూడబెట్టుకుంది. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ పొడవాలో, అన్నీ. కోపం బొంత గురించి మాత్రమే కాదు, చెప్పొద్దూ. దాని కింద ఇంకోటి ఉంది. ఆర్నెల్ల కిందట ఇంకో ఊళ్ళోని కుట్టు శిక్షణ కేంద్రం వాళ్ళు బ్లాగులో ఆమె బొంతలు చూసి కబురు పెట్టారు. మా దగ్గర పాఠాలు చెప్పండి, ఉండటానికి గది కూడా ఇస్తాం అన్నారు. ఆమె జీవితంలో ఎవరైనా ఆమెని వెతుక్కుంటూ రావడం అదే మొదలు. అన్నయ్యకి చెప్పకముందే దబ్బనానికి రాసింది. వెళ్ళనా? భయంగా ఉంది, కానీ వెళ్ళాలని ఉంది, నువ్వేమంటావ్? అని.

జవాబు ఇంత పొడుగున వచ్చింది. తొందరపడకు, అన్నగారి మనసు కష్టపెట్టకు, కొత్త చోట నీకంటూ ఎవరున్నారు, ఉన్న చోటే సర్దుకుంటే అందరూ చల్లగా ఉంటారు అని. దబ్బనమే అంత మాటంది కదా అని అతుకులమ్మ సర్దుకుంది. రానని చెప్పేసింది. వాళ్ళు ఇంకెవరినో పెట్టుకున్నారు. ఆ తర్వాతి నెలలో అన్నయ్య దుకాణానికి కొత్త బోర్డు వేయించాడు, 'అండ్ సన్' అని. అంతవరకూ ఒక్క గుండీ కుట్టి ఎరగని కొడుకు పేరు పైకెక్కింది, చెల్లెలు వెనక గదిలో జిప్పుల దగ్గరే ఉండిపోయింది. వదిన అయితే, "నీకేం లోటమ్మా, ఇంటి మనిషివి" అంది. ఇంటి మనిషి! ఆ మాట విన్నప్పుడల్లా అతుకులమ్మకి పళ్ళు పటపటలాడతాయి.

ఇల్లు మూడో అంతస్తులో. మెట్లెక్కేసరికి ఆయాసమొచ్చింది, కోపం మాత్రం తగ్గలేదు. తలుపు బాదింది. బెల్లు ఉంది, అయినా బాదింది.

తలుపు తీసినాయనకి అరవై దాటి ఉంటాయి. మాసిన గడ్డం, మెళ్ళో వేలాడే కళ్ళజోడు, కుడిచేతి నడిమి వేలికి తోలు తొడుగు. సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగు. భుజం మీద తెల్లదారం పోగు ఒకటి అంటుకుని ఉంది.

ఫొటోల్లో చూసిన మొహం ఎదురుగా కనపడగానే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "అతుకులమ్మ గారూ," అన్నాడు.

"ఓహో, మీరేనన్నమాట కుట్టింది." ఆమె చూపంతా ఆ తొడుగు మీదే ఉంది. "మొగుడిచేత కుట్టించి తన పేరు పెట్టుకుందా? బాగుంది! ఎక్కడుందావిడ? పిలవండి."

"లేదండీ."

"చెల్లెలింటి నుంచి ఎప్పుడొస్తుంది?"

 ఆయన తలుపు వదల్లేదు, పక్కకీ తప్పుకోలేదు.

"అడిగేది మిమ్మల్నే. ఎప్పుడొస్తుంది?"

"చనిపోయిందండీ," అన్నాడాయన. "కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే. గుండె ఆగిపోయిందన్నారు. పోయిన వానాకాలంలో."

"అదేంటి, మొన్న కూడా నాకు మెసేజి..." అంటూనే అతుకులమ్మ ఆగిపోయింది. ఆ మాట సగంలో ఉండగానే ఆమెకి అంతా అర్థమైంది. ఆయన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది.

ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద కవరు. గోడవారన రంగుల వరసలో మడతపెట్టిన గుడ్డలు. అందులో తను పంపినవి ఒక్కొక్కటిగా గుర్తుపట్టింది. బల్ల మీద కంప్యూటరు తెరిచి ఉంది. తెర మీద బ్లాగు. ఎవరో పెట్టిన బొంత కింద సగం టైపు చేసిన కామెంటు: "చాలా బాగుందమ్మా, రంగులు".

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏంటో ఆమెకి అప్పుడు తెలిసింది.

"ఏడాది," అంది. "ఏడాదిగా నువ్వా రాస్తున్నది?"

మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఆయన దాన్ని పట్టించుకునే స్థితిలో లేడు.

"చెబుదామనే కూర్చున్నానండీ మొదటిరోజు. అందరూ వచ్చి వెళ్ళిపోయాక కంప్యూటరు తెరిస్తే మీ మెసేజి ఉంది. ఆకుపచ్చ బొంత ఫొటో పెట్టి, బాగుందా అని అడిగారు. పోయిందని రాయడానికి చెయ్యి రాలేదు. బాగుంది అని రాశాను. మీరు వెంటనే జవాబిచ్చారు, ఏమే ఒంట్లో బాగాలేదా, తిట్టలేదేంటి అని. నాకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో ఆవిడ ఇంకా ఉన్నట్టే అనిపించింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ..."

"అనుకుంటూ మా సంగతులన్నీ చదువుకుంటూ కూర్చున్నావు!" ఆమె గొంతు కింది అంతస్తులకి కూడా వినిపించి ఉంటుంది. "సిగ్గులేదూ నీకు? ఆడవాళ్ళు ఆడదానితో చెప్పుకున్న మాటలు! నా నెలసరి ఆగిపోయిన సంగతి కూడా నీకు చెప్పానయ్యా! రాత్రుళ్ళు ఒళ్ళు సెగలు కక్కుతోందని రాస్తే, చల్లటి నీళ్ళు తాగు అన్నావు! కండక్టరమ్మ తన కోడలి గురించి ఎంత ఏడ్చింది, అది కూడా చదివావా?"

"చదివాను." ఆయన తలెత్తలేదు. "ఎవరికీ చెప్పలేదండీ."

"ఎవరికి చెబుతావు? నువ్వే వినకూడనివాడివి!"

ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ తోలు తొడుగు వేలికి గిరగిరా తిప్పుకుంటున్నాడు. "బొంత సగంలో ఉండిపోయింది. ప్రదర్శనకి ముందే పేరిచ్చేసింది ఆవిడ. అందుకని నేర్చుకున్నాను. ముడి సంగతి మిమ్మల్ని అడిగాను, మీరు నవ్వేశారు. అందుకే అవి బయటే ఉండిపోయాయి."

ఇంకోరైతే ఇక్కడ కరిగిపోయేవాళ్ళేమో. అరవై దాటాక సూది పట్టిన మనిషి, వేళ్ళ నిండా పోట్లు. అతుకులమ్మ ఆ పోట్లు చూసింది. చూసినా జాలి రాలేదు. ఆమెకి అప్పుడే ఇంకోటి తట్టింది, అది తట్టగానే కుర్చీలో కూలబడింది.

"ఆగు," అంది. "ఆ పాఠాల సంగతి. నేను వెళ్ళనా అని అడిగాను. వెళ్ళొద్దని రాసింది నువ్వా?"

ఆయన కంప్యూటరు వైపు చూశాడు.

"నిన్నే. సర్దుకుపొమ్మని, అన్నగారి మనసు కష్టపెట్టకని, నీకు అక్కడెవరున్నారని, అంతా నువ్వేనా రాసింది?"

"నేనే."

"ఏం తెలుసని రాశావు? నా అన్నయ్యని ఎప్పుడైనా చూశావా? ఆ వెనక గది చూశావా? కిటికీ కూడా లేదు దానికి. దబ్బనం చెప్పింది కదా అని నోరు మూసుకుని సర్దుకున్నానయ్యా. ఇంకెవరు చెప్పినా వినేదాన్ని కాదు. దబ్బనమంతటిది వద్దందంటే నాకే చేతకాదేమో అనుకున్నాను. నా కొంప ముంచావు కదరా!"

"తెలియక రాయలేదు," అన్నాడాయన. అంత చిన్న గొంతుతో అన్నాడంటే ఆమె ముందుకి వంగి వినాల్సి వచ్చింది.

"ఏంటీ?"

"తెలియక కాదండీ. ఆవిడైతే ఏమనేదో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, తెలియకుండా ఎలా ఉంటుంది? వెళ్ళమనేది. అదే టైపు చేశాను మొదట. చేశాక పంపలేదు." ఆయన తొడుగు వేలి నుంచి తీసేశాడు. "అక్కడికి వెళ్తే మీకు పిల్లలూ పాఠాలూ పెద్ద పని అవుతుంది. ఇలా మధ్యాహ్నం అన్నం తింటూ రాయడం ఉండదు. రోజూ రాసేది మీరొక్కరే. మిగతావాళ్ళు వారానికీ పదిరోజులకీ రాస్తారు. మీరు కూడా మానేస్తే ఇక ఈ ఇంట్లో... అందుకని అది చెరిపేసి ఇది రాశాను."

 అతుకులమ్మ బస్సులో కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటుపోయాయో పోయాయి.  తన జీతం, తన బతుకు, తనని వెతుక్కుంటూ వచ్చిన ఒకే ఒక్క అవకాశం, ఈ ముసలాయనకి మధ్యాహ్నం పూట కబుర్లకి సరిపోయాయి. ఏ కోపమైనా దానికి సరిపోతుందా? ఇంట్లో అన్నయ్యా అంతే, ఇక్కడ ఈయనా అంతే. ఒకాయనకి జిప్పులు వెయ్యడానికి కావాలి, ఇంకొకాయనకి కబుర్లు రాయడానికి కావాలి. మర్యాదగా, మెత్తగా, నీ మంచికే అన్నట్టు కూర్చోబెట్టేశారు ఇద్దరూ.

"క్షమించమని అడగను," అన్నాడాయన.

"అడక్కు. అడిగితే ఆ బల్ల మీద కత్తెర తీసుకుంటాను నేను."

 కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక తంటాలు పడుతున్నారు. అది అయిదారుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఏమనేది?" అంది అతుకులమ్మ.

"ఎవరు?"

"ఎవరేంటి! ఆవిడ. మొదట టైపు చేసి చెరిపేశానన్నావు చూడు, అది చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. నీ మెతక మాటలు కలిపావో, చూడు!"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మూసుకునే మొదలుపెట్టాడు. గొంతు ఆయనదే. మాట మాత్రం ఆయనది కాదు.

"ఏమే, మీ అన్న దుకాణంలో జిప్పులు వేస్తూ ముసలిదానివైపోదామనా? వాళ్ళు పిలిచింది నిన్ను, మీ అన్నని కాదు. అన్నిటికీ అతుకు వేస్తావు గానీ నీ భయానికి వెయ్యలేవా? పెట్టె సర్దు. అక్కడికెళ్ళాక మొదటి పాఠం మూలలు కలపడం గురించే చెప్పు, నీకు తన్నులు తిని వచ్చిన విద్య అదొక్కటే. ఇంకోసారి వెళ్ళనా అని నన్నడిగావంటే నీ బొంత నడిమధ్య కత్తెర పెడతాను. ఉండు, చీర కుచ్చిళ్ళు తొక్కుకుని పడకుండా వెళ్ళు."

అదే దబ్బనం. అచ్చంగా అదే. ఆ కోపం, ఆ చివర్న ఆ ప్రేమ, అంతా. అతుకులమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకుందామనుకుంది, వల్లకాలేదు. ఏడాది ఆలస్యంగా, తన స్నేహితురాలు పోయినందుకు, ఆ సంగతి దాచిపెట్టినవాడి ఎదురుగానే, వాడింట్లోనే కూర్చుని ఏడవాల్సి వచ్చింది. దానికి మళ్ళీ మండుకొచ్చింది. ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే ఏడ్చింది. ఆయన గ్లాసుతో నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఇంత బాగా తెలిసినవాడివి," అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఇంత బాగా తెలిసీ!"

ఆ తర్వాత ఆయన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. "రాయి. అందరికీ."

ఆయన మొదలుపెట్టాడు. నా అర్ధాంగి గత సంవత్సరం మనందరినీ విడిచి అని రెండు ముక్కలు రాసేసరికి, అతుకులమ్మ వెనక నుంచి, "చెరిపెయ్" అంది. "ఆవిడకి నచ్చదు ఆ భాష. దబ్బనం చచ్చిపోయింది అని రాయి. పోయిన వానాకాలంలో అని రాయి. అప్పట్నుంచి రాసింది నేను, ఆవిడ మొగుణ్ణి అని రాయి. మీ మాటలన్నీ చదివాను అని కూడా రాయి. చదివినందుకు వాళ్ళేం తిట్టుకుంటారో తిట్టుకోనీ."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆయన రాశాడు. పంపే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. "ఇది పంపాక ఇక ఎవరూ రాయరండీ నాకు."

"రాయరు," అంది అతుకులమ్మ.

ఆయన పంపాడు. ఆమె సంచి తీసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "ఆ ప్రదర్శనవాళ్ళకి కూడా చెప్పు, ఇద్దరి చేతులని. ఒంటిచేతి విభాగంలోంచి తీసేయమను. ఆవిడ పేరు మీద అబద్ధం వేలాడకూడదు," అంది. ఆయన తలూపాడు. ఆమె వెళ్ళొస్తానని అనలేదు.

మెట్లు దిగుతుండగానే ఫోను మోగడం మొదలుపెట్టింది. మొదట కండక్టరమ్మ. ఎత్తగానే బస్సు హారన్ల మధ్య ఆమె ఏడుపు వినపడింది, "ఏంటే ఇది, ఏం రాశాడే, నిజమేనా?" అని. నిజమేనంది అతుకులమ్మ. సాయంత్రం వచ్చి అంతా చెబుతానంది. వీధిలోకి వచ్చి, ఒక మూసేసిన దుకాణం గట్టు మీద కూర్చుని, అన్నయ్యకి తనే ఫోను చేసింది.

"ఎప్పుడొస్తున్నావే?" అన్నాడు అన్నయ్య. "ఇక్కడ కర్టెన్లు అట్లాగే పడి ఉన్నాయి. వాళ్ళు ఊరుకోవడం లేదు."

"నేను రావడం లేదన్నయ్యా. వస్తే నా బట్టలూ మిషనూ తీసుకుపోవడానికే వస్తాను."

"ఎక్కడికి?"

"తెలియదు. శిక్షణ కేంద్రంవాళ్ళని మళ్ళీ అడుగుతాను. వాళ్ళు కాదంటే ఇంకొకళ్ళని అడుగుతాను. ఎవరూ లేకపోతే ఇక్కడ కండక్టరమ్మ ఇంట్లో ఒక మూల మిషను పెట్టుకుంటాను. ఆ వెనక గదిలో మాత్రం ఇక కూర్చోను. బోర్డు మీద ఎవరి పేరుందో వాళ్ళని కూర్చోమను."

 అవతల అన్నయ్య గొంతు లేచింది. "బుద్ధుందా నీకు? ఈ వయసులో వేషాలా? ఎవరే నీకు ఇవన్నీ ఎక్కించింది? ఆ బ్లాగులో దబ్బనమో, గునపమో, అదేనా?"

"అదే," అంది అతుకులమ్మ. "ఆర్నెల్ల కిందటే చెప్పింది. నాకు ఇవ్వాళ అందింది."